నీలిరాగమునకు నాలుగు రికార్డులు

గెర్ష్విన్ వాద్యకృతి, భద్రాచలపు రామదాసు కీర్తన, మణుగూరు కోయడోలు: నోటను చేతను పుట్టిన సంగీతము పలక మీదికి ఎక్కినపుడు ఏది నిలుచును, ఏది జారిపోవును?

శ్రీరామనవమి దగ్గరపడుకొలది భద్రాచలమున మైకులు మేల్కొనును. గోదావరి కరకట్ట మీదను, గుడిమెట్ల క్రింది కొబ్బరికాయల అంగళ్ల ముందును, సారపాక నుండి వంతెన దాటి ఊరిలోనికి దిగు చోటను, ఎక్కడ చెవియొగ్గినను వినవచ్చునది రామదాసు కీర్తనయే. అందులోను మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గళమున స్థిరపడిపోయిన బాణీలోని కీర్తనయే. ఆ గుడి కట్టించిన రామదాసు, అనగా కంచర్ల గోపన్న, నేలకొండపల్లివాడనియు, పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా వచ్చి సర్కారు పైకమును రామునికి వెచ్చించి, తానీషా ఏలుబడిలో గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు మగ్గెననియు మన పిల్లలు కూడ చెప్పగలరు. పదునేడవ శతాబ్దపు ఆ చెరలో ఆయన ఏ కీర్తనను ఏ రాగమున, ఏ నడకన పాడుకొన్నాడో చెప్పగల స్వరలిపి మాత్రము మనకు దక్కలేదు. దక్కినవి సాహిత్యమును, భజనపరుల జ్ఞాపకమును. తూము నరసింహదాసు వంటి భక్తుల నాటినుండి ఊరూర గోష్ఠులు ఆ సాహిత్యమును తమకు పట్టుబడిన రాగములలో, తమ చేతి తాళముల వేగమునకు తగినట్లు పాడుకొనుచు వచ్చినవి. ఒక ఊరి బాణీ మరొక ఊరివారికి వేరుగా తోచెనే గాని తప్పుగా తోచలేదు.

ఇరువదవ శతాబ్దమున విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనియు, దాని వెంట గ్రామఫోను పలకయు, పిమ్మట క్యాసెట్టును వచ్చి, ఆ పెక్కు బాణీలలో ఒకదానిని ఎత్తిపట్టి ఇంటింటికి చేర్చినవి. నేడు మధిర వైపునో ఇల్లెందు వైపునో భజనలో కూర్చున్న కుర్రవాడు ‘పలుకే బంగారమాయెనా’ను ఆనందభైరవిలో కాక తన తాతగారు పాడిన తీరున ఎత్తుకొన్నచో, ప్రక్కవారు తొడతట్టి “అట్ల కాదురా” అందురు. రికార్డు ప్రమాణమైనది, పాట దానికి నకలైనది. దీనిని నేను నిందగా చెప్పుట లేదు. బాలమురళి గారు పాడకపోయినచో ఆ కీర్తనలలో పెక్కు మన చెవిని పడెడివే కావు. అయినను ధ్వనిముద్రణ సంగీతమును దాచిపెట్టుటతో ఊరుకొనదనియు, అనేక రూపములలో ఒకదానిని ఎన్నుకొని తక్కినవానిని వెనుకకు నెట్టుననియు తెలియుటకు ఈ ఒక్క కీర్తన చాలును. అట్లు ఎన్నుకొన్న రూపమును తరువాతివారెవరైన మరల కదలింపగలరా, కదలించినచో ఏమగును అను ప్రశ్నకు సమాధానము భద్రాచలమున దొరకదు. దానిని గోదావరికి ఎంతో దూరమున, నూరేండ్ల క్రిందట న్యూయార్కు నగరమున పుట్టిన ఒక వాద్యకృతి చరిత్రలో వెదకవలసి యున్నది.

తల ఊపువరకు ఆగుట

ఆ కృతి పేరు ‘రాప్సడీ ఇన్ బ్లూ’. రచించినవాడు జార్జి గెర్ష్విన్. రష్యా నుండి వలస వచ్చిన యూదు దంపతుల కుమారుడు, బ్రుక్లిన్‌లో పుట్టినవాడు, పదునైదేండ్లకే బడి విడిచి, పాటల పుస్తకములమ్ము సంస్థలో పియానో వాయించి కొనువారికి పాట వినిపించుటయే కొలువుగా బ్రతికినవాడు. పాల్ వైట్‌మన్ అను పేరుమోసిన బ్యాండు నాయకుడు, నాట్యశాలలలోను సారాయి అంగళ్లలోను మ్రోగుచున్న జాజ్ సంగీతమును పెద్దమనుష్యుల కచేరీ మందిరమునకు ఎక్కింపవలెనని సంకల్పించి, అందుకొరకు గెర్ష్విన్ ఒక కృతి రచించుచున్నాడని పత్రికలవారికి ముందుగనే చెప్పివేసెను. 1924 జనవరి 4వ తేది పత్రికలో ఆ వార్త పడిన పిమ్మటనే గెర్ష్విన్ సోదరులకు సంగతి తెలిసినదని చెప్పుదురు. కచేరీకి మిగిలినది ఐదు వారముల పైచిలుకు. బోస్టను పోవు రైలులో, చక్రముల చప్పుడు నడుమ, కృతి ఆకారము తనకు తోచినదని గెర్ష్విన్ తరువాత చెప్పుకొన్నాడు. అతడు రెండు పియానోలకని వ్రాసియిచ్చిన కాగితములను పుటపుటకు అందుకొని, ఫెర్డే గ్రోఫే అను వాద్యకల్పనాదక్షుడు వైట్‌మన్ బ్యాండులోని ఒక్కొక్క వాద్యగాని నేర్పునకు తగినట్లు స్వరములను పంచిపెట్టెను. కృతికి పేరు పెట్టినవాడు అన్న ఐరా. విస్లర్ అను చిత్రకారుడు తన పటములకు రంగుల పేరులు పెట్టిన తీరును చూచి అతనికి ఆ యూహ కలిగెనట.

ఫిబ్రవరి 12 మధ్యాహ్నము ఏయోలియన్ హాలులో కచేరీ. కార్యక్రమము సుదీర్ఘము, శ్రోతలు అలసియున్నారు, గెర్ష్విన్ కృతి చివరినుండి రెండవది. అప్పటికి పియానో భాగములో కొన్ని పుటలు వ్రాయబడనే లేదు. అచట గెర్ష్విన్ తనకు తోచినట్లు వాయించుకొని పోవును. అది ఎప్పుడు ముగియునో ఎదుటివారికి తెలియదు. కావున వైట్‌మన్ ముందున్న ప్రతిలో ఆ చోట, పియానో ముందున్నవాడు తల ఊపువరకు ఆగవలెనను సూచన మాత్రమే యుండెను. ఈ చిన్న సూచన వద్ద నేను కొంత నిలువదలచుచున్నాను. వ్రాసిన సంగీతమునకును, అప్పటికప్పుడు పుట్టు సంగీతమునకును నడుమనున్న గడప అదియే. కల్పనస్వరము వేయు గాయకుడు ముక్తాయింపునకు వచ్చుచున్నాడని మృదంగ విద్వాంసుడు కనిపెట్టుట మనకు నిత్యము కనబడు దృశ్యము. పాశ్చాత్య కచేరీ మందిరమున మాత్రము అంతమంది వాద్యగాండ్రు ఒక్కని తల కదలికకై ఎదురుచూచుట ఆనాటికి అలవాటు లేని సంగతి.

పేరులోని ‘బ్లూ’కు వెనుక నల్లజాతివారి బ్లూస్ గానము కూడ కలదు. ఆ గాయకుల గళమున గాంధారము అటు సాధారణ గాంధారము కాక, ఇటు అంతర గాంధారమును కాక, నడుమ ఊగుచుండును. నిషాదమును అట్లే క్రిందికి ఒరగి పలుకును. గమకములతో పెరిగిన మన చెవికి ఇందులో వింతయేమియు లేదు. పియానోకు మాత్రము ఆ నడిమి చోటు లేదు. ఒక మీటకు ఒకటే స్వరము. అందుచేత జాజ్ పియానో వాయించువారు ఇరుగుపొరుగు గాంధారములను రెంటిని ఒక్కసారి నొక్కి, లేని ఊగును ఉన్నట్లు భ్రమింపజేయుదురు. గెర్ష్విన్ పియానోలో ఆ భ్రమ అడుగడుగున వినబడును. నిజముగా జారగలిగిన వాద్యము క్లారినెట్టు. కృతి దానితోనే మొదలగును. కాగితము మీద గెర్ష్విన్ వ్రాసినది పదునేడు స్వరముల పరుగు. రాస్ గోర్మన్ అను వాద్యగాడు అభ్యాసము నడుమ వేళాకోళమునకు ఆ పరుగును విడివిడి స్వరములుగా కాక ఒకే మూల్గుగా అడుగునుండి కొసవరకు లాగి వాయించెను. గెర్ష్విన్‌కు అది నచ్చి, కచేరీలోను అట్లే వాయింపుమనెను. నేడు ప్రపంచమునందలి ప్రతి క్లారినెట్టు విద్యార్థియు నేర్చుకొను ఆ జారుడు కర్త వ్రాసినది కాదు, వాద్యగాని పరిహాసము. మన సన్నాయి విద్వాంసులకు ఈ కథ చెప్పినచో నవ్వి, జారు లేని సంగీతమును ముందుగా ఏల వ్రాసినారని అడుగుదురు.

కొమ్ము నుండి మైకునకు

కచేరీ జరిగిన కొలది మాసములకే, ఆ యేటనే, వైట్‌మన్ బ్యాండును గెర్ష్విన్‌ను కలిపి విక్టర్ సంస్థ తొలి రికార్డు తీసెను. అప్పటికి ధ్వనిముద్రణశాలలోనికి మైకు రాలేదు. వాద్యగాండ్రందరును ఒక పెద్ద కొమ్ము నోటి యెదుట ఇరుకిరుకుగా కూర్చుండవలెను. ఆ కొమ్ములో దూరిన గాలి కదలికయే సూదిని కదలించి మైనపు పలక మీద గీత గీయును. పెద్ద డోలు గట్టిగా మ్రోగినచో సూది ఎగిరి గీత చెడును. తీగవాద్యముల మంద్రస్వరములు కొమ్మునకు అందక గాలిలోనే కలిసిపోవును, కావున ఇత్తడి ట్యూబాతో ఆ లోటు పూడ్చుకొనవలెను. పండ్రెండంగుళముల పలకకు ఒక్కొక్క ప్రక్క నాలుగున్నర నిమిషముల చోటు. పదునారు నిమిషముల కృతిని తొమ్మిది నిమిషములకు కోసి రెండు ప్రక్కలకు సరిపుచ్చిరి. కోతపడిన ఈ మొదటి రూపమునే తొలినాటి లోకము ‘రాప్సడీ’ అని ఎరిగినది. వినుటకు గరగరలాడు ఆ పలకలో, గోర్మన్ క్లారినెట్టు సిగ్గులేక నవ్వును, పియానో పందెము కట్టినట్లు పరుగెత్తును, ఇత్తడి వాద్యములు ఒకదానినొకటి ఎగతాళి చేయును. తరువాతి రికార్డులలో ధ్వని మెరుగైనకొలది ఈ నవ్వు తగ్గిపోయినదని నా అభిప్రాయము.

1925లో విద్యుత్తుతో పనిచేయు మైకు వచ్చి కొమ్ములను సాగనంపెను. 1927లో గెర్ష్విన్ మరల రికార్డిచ్చెను. నడక విషయమై వైట్‌మన్‌కును అతనికిని మాటపట్టింపు కలుగుటచే, పలక మీద వైట్‌మన్ పేరే యున్నను, వాద్యబృందమును నడిపినవాడు నతానియెల్ షిల్‌క్రెట్. ఇదియు కోతపడిన రూపమే. అయినను మొదటిదాని ప్రక్కన పెట్టి విన్నచో మొదటిసారి గాలిలో పోయిన మంద్రస్వరములు ఇందు నేలమీదికి దిగి నిలిచినవి.

1937లో, ముప్పదియెనిమిదేండ్ల ప్రాయమున, మెదడులోని కంతి వలన గెర్ష్విన్ మరణించెను. పిమ్మట 1942లో గ్రోఫే ఆ కృతిని నిండు సింఫనీ వాద్యబృందమునకు సరిపడునట్లు పెంచి వ్రాసెను. పదుల కొలది వయోలిన్లు చేరినవి, సాక్సఫోనులు వెనుకకు జరిగినవి, జాజ్ బ్యాండులోని చురుకుదనము పట్టుపాన్పు మీద పవళించినది. అటుపై ఎందరో సంగీతనిర్దేశకులు చేపట్టిన ఈ పెద్ద రూపమునకు శిఖరము 1959 నాటి లెనర్డ్ బెర్న్‌స్టయిన్ రికార్డు. కొలంబియా సింఫనీ వాద్యబృందమును తానే నడుపుచు, పియానోను తానే వాయించుచు, అతడు ఆ కృతిని పదునారు నిమిషములు దాటించినాడు. చిత్రమేమనగా, దానికి నాలుగేండ్లు ముందుగా అతడే ఒక వ్యాసములో, ఇది అసలు కృతి కాదనియు, అద్భుతములైన బాణీలను విడివిడి ముక్కలుగా తెచ్చి అతికించినదనియు, ఏ ముక్కను తీసివేసినను మిగిలినది నిలుచుననియు తేల్చివేసియుండెను. అట్లు తేల్చినవాడే దానిని అందరికంటె ఎక్కువ ప్రేమతో వాయించెను! విమర్శకుని మాటకును కళాకారుని వ్రేళ్లకును పొత్తు కుదరవలెనను నియమము లేదు. పైగా ముక్కలు తీసినను నిలుచునన్న ఆ మాట 1924 నాటి తొమ్మిది నిమిషముల పలకయే ముందుగా ఋజువు చేసినది.

ఈ రికార్డును నేను గౌరవింతును గాని నా మనసు అందు నిలువదు. అందులో పియానో విలాసముగా ఆగి ఆగి నిట్టూర్చును. పెద్ద వాద్యబృందము ఆ నిట్టూర్పులను మోసి మోసి, చివరి ఘట్టమున రాజసభా ఘోషగా మార్చును. సంపన్నమైన సంగీతమే, కాని రైలు చక్రముల చప్పుడులో పుట్టిన వస్తువు ఇచ్చట పల్లకీ ఎక్కినది. ఒక తరమంతయు ఆ పల్లకీనే ‘రాప్సడీ’ అనుకొన్నది. అనగా మన ఆనందభైరవి కథ అచ్చటను జరిగినది.

దానిని కదలించినది 1976 నాటి నాలుగవ రికార్డు. గెర్ష్విన్ 1925లో ఈ కృతిని పియానో రోలు మీద దించియుండెను. పియానో రోలనగా చిల్లులు పొడిచిన పొడవైన కాగితపు చుట్ట. దానిని యంత్రము బిగించిన పియానోకు తగిలించినచో, చిల్లుల గుండ గాలి పోయి మీటలు తమంతట తామే క్రిందికి పడుచు, వాయించినవాని చేతివాటమును తిరిగి పలికించును. ఆ చుట్టలో గెర్ష్విన్ పియానో భాగముతో పాటు వాద్యబృందపు భాగమును కూడ తానే వాయించియుండెను. సంగీతనిర్దేశకుడు మైకేల్ టిల్సన్ థామస్, అతని సహాయకులు ఆ వాద్యబృందపు చిల్లులను మూసివేసి, పియానో చిల్లులను మాత్రము మిగిల్చిరి. చుట్టూ కొలంబియా జాజ్ బ్యాండు అను చిన్న బృందమును కూర్చుండబెట్టి, గ్రోఫే 1924లో వ్రాసిన మొదటి వాద్యకల్పననే తీసికొని, ముప్పదితొమ్మిదేండ్ల క్రిందట చనిపోయినవానితో కచేరీ చేయించిరి.

వినినవారు మొదట ఉలికిపడిరి. నడక అంత వేగము! పల్లకీ లేదు, నిట్టూర్పు లేదు. వీధి ఉన్నది, మోటారు బండ్ల కూత ఉన్నది, కొంటెతనము ఉన్నది. 1924 పలకలో గరగరల వెనుక వినబడిన నవ్వు మరల వినబడెను. ఒక తరము పాటు ప్రమాణముగా నిలిచిన రూపము కదలిపోవుటకు మరొక రికార్డే కావలసివచ్చినది. అయితే ఇందులో ఒక విడ్డూరము కలదు. తొలి కచేరీలో వాద్యబృందము పియానో వాని తల ఊపునకై ఆగెను. ఇప్పుడు పియానో ముందు తలయే లేదు. చుట్ట తిరుగుచున్నది, అది ఎవరికొరకును ఆగదు. గడియారము పట్టుకొని, ఊపిరి బిగబట్టి, వాద్యబృందమే దాని వెంట పరుగెత్తవలెను. ఏ కృతిలో స్వేచ్ఛ తల ఊపులో నుండెనో, ఆ కృతిని దాని కర్త చేతి స్వేచ్ఛతోనే బంధించిరి. నాలుగింటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదియే. ఇష్టమైనను, కర్త వాయించినది కాబట్టి ఇదియే నిజమైన రూపమని చెప్పువారితో నేను ఏకీభవింపలేను. ఆ చుట్ట 1925లో ఒక దినమున గెర్ష్విన్ వాయించిన తీరు. మరునాడు మరొక తీరున వాయించియుండడని ఎవరనగలరు?

పలక మీద లేనివారు

ఏయోలియన్ హాలు వేదిక మీద ఆ మధ్యాహ్నము జాజ్‌ను కచేరీ మందిరమునకు ఎక్కించినవారిలో, జాజ్‌ను పుట్టించిన జాతివాడు ఒక్కడును లేడు. వైట్‌మన్ బృందము సమస్తము తెల్లవారిది. గెర్ష్విన్ హార్లెములోని నల్లజాతి పియానో విద్వాంసుల ఇండ్ల చుట్టు తిరిగి వినినవాడు, జేమ్స్ పి. జాన్సన్ వంటివారిని గౌరవించినవాడు. అతని యెడ నాకు దోషదృష్టి లేదు. దోషము తలుపు తెరచిన తీరులో ఉన్నది. జాన్సన్ రచించిన ‘యామెక్రా’ అను రాప్సడీ 1928లో కార్నెగీ హాలులో ప్రదర్శింపబడెను. దానిని గెర్ష్విన్ కృతికి ప్రక్కగా నేడు ఎందరు విందురు? ‘యామెక్రా’కు వాద్యకల్పన చేసిన విలియం గ్రాంట్ స్టిల్ తన ‘ఆఫ్రో అమెరికన్ సింఫనీ’ని బ్లూస్ బాణీ మీదనే నిర్మించి, బాంజోను సింఫనీలోనికి తెచ్చెను. 1931లో హోవర్డ్ హాన్సన్ ఆధ్వర్యమున రాచెస్టరు నగరమున అది తొలిసారి వినబడెను. డ్యూక్ ఎల్లింగ్టన్ తన జాతి చరిత్రనే వస్తువుగా రచించి, 1943 జనవరిలో కార్నెగీ హాలులో వాయించిన ‘బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్’ను పత్రికా విమర్శకులు చల్లార్చిరి, ఆ రాత్రి ధ్వనిముద్రణము ఆయన జీవించియుండగా వెలువడనే లేదు.

ఎల్లింగ్టన్ మాట వచ్చినది కనుక మన దేశపు సంగతి ఒకటి చెప్పవలసియున్నది. 1963లో అమెరికా ప్రభుత్వము ఆయన వాద్యబృందమును పశ్చిమాసియాకు, మన దేశమునకు పంపెను. నవంబరులో కెన్నెడీ హత్యతో ఆ పర్యటన నడిమిలో ఆగెను. ఆ జ్ఞాపకములతో ఆయనయు, ఆయన సహచరుడు బిల్లీ స్ట్రేహార్నును రచించిన ‘ఫార్ ఈస్ట్ సూట్’ను 1966 డిసెంబరులో రికార్డు చేసిరి. అందులో ఒక ఖండము ఢిల్లీ గోరువంకది. స్ట్రేహార్ను బసచేసిన గదిలో వినవచ్చిన గోరువంక కూతను ఒక చిన్న పదముగా పట్టి, జిమ్మీ హామిల్టన్ క్లారినెట్టు చేత పలికించిరి. మన సంగీతమును మోసికొనిపోయి మనవలె వాయించుటకు వారు ప్రయత్నింపలేదు, సితారు జోలికి పోలేదు. పక్షి కూతనడిగి, దానికి తమ భాషలో బదులు పలికిరి. ఇతరుల సంగీతమును సమీపించుటకు ఇంతకంటె మర్యాదయైన మార్గము నేనెరుగను.

ఇటునుండి అటు పోయినవారును కలరు. భద్రాచలమును ఒరసి దిగు గోదావరియే పాపికొండలు దాటి డెల్టాలో పాయలగును. ఆ డెల్టాలోని శంకరగుప్తమున బాలమురళి పుట్టెను. పాలకొల్లున 1969లో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టెను. బ్యాండుమేళములలోను సినిమా పాటలలోను టింగుటింగుమను మాండలిన్‌ను విద్యుత్తుతో మ్రోగించి, జంటతీగలు తీసి ఒంటితీగలు బిగించి, గమకము పలుకునట్లు మలచిన ఆ బాలుడు 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమున త్యాగరాజును వాయించి వచ్చెను. 1995లో పాశ్చాత్య సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ అను రికార్డు ఇచ్చెను. శ్రీనివాస్ చేతిలో వాద్యము విదేశీయము, సంగీతము స్వకీయము. అందుచేత అతడు జాజ్ వేదిక మీద కూర్చున్నను ఎవరికిని నకలు కాలేదు. నలుబదియైదేండ్లకే 2014లో ఆ చేయి ఆగిపోయినది.

డోలీవాని కాలము

ఇంతవరకు ఏటి వెంట క్రిందికి పోతిమి. ఇక ఒడ్డెక్కి అడవి వైపు తిరుగవలెను. దుమ్ముగూడెము, చర్ల దారి పట్టినను, కిన్నెరసాని ఎగువకు పోయినను, కోయపల్లెలలో విత్తనముల పండుగకును కొత్తల పండుగకును మ్రోగునది డోలు. అడవిదున్న కొమ్ములు తలకు తొడిగి, నెమలి ఈకలు చెక్కి, మెడనుండి పెద్దడోలు వ్రేలాడదీసికొని మగవారు ఆడుదురు. ఆడువారు చేయిచేయి పట్టి వరుసకట్టి రేలా పాడుదురు. ఇంతమటుకు పట్నవాసులందరు చూచినదే, ఏలయన మంత్రి వచ్చినను అధికారి వచ్చినను స్వాగతమునకు కొమ్ము నృత్యమును పిలుతురు. అతిథి కారు దిగి వేదిక ఎక్కువరకు పట్టు ఐదు నిమిషములే ఆ నృత్యమునకు దొరకు కాలము. 1924 నాటి పలకకు తొమ్మిది నిమిషములైన దొరికినవి.

పట్నవాసులు అంతగా ఎరుగనిది డోలీల విద్య. వీరు కోయలకు వంశకథకులు. పుట్టుకకు, పెండ్లికి, చావుకు, ఇలవేలుపుల పండుగకు పిలుపందుకొని వచ్చి, డోలుతోను కంచు తాళములతోను, వంశచరిత్రను బొమ్మలలో చూపు గుడ్డ పడిగెలను ముందుంచుకొని, గోత్రముల పుట్టుపూర్వములు, సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ గానము చేయుదురు. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్య ఈ కంచుమేళపు విద్యలో కడపటి పెద్దలలో ఒకరు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూసినారు. పుస్తకమున లేని చరిత్రను ఆయన కోయభాషలోను తెలుగులోను పాడగలిగియుండెను. ఆ కథ ఎంతసేపు నడుచునో కథలో వ్రాసియుండదు. ఎదుట కూర్చున్న కులపెద్దలెవరు, ఏ గోత్రమువారు, ఏ పనికి కూడినారు, రాత్రి ఎంత మిగిలినది అనువానిని బట్టి అది పెరుగును, తరుగును. గెర్ష్విన్ కృతిలో కొన్ని పుటలు ఖాళీగా నుండెను. డోలీవాని కృతి మొదలుకొని తుదివరకు తల ఊపు మీదనే నడుచును.

ఈ సంగీతమును వాద్యబృందమునకు కూర్చి రికార్డు చేయవలెనని కోరువారు నేడో రేపో తప్పక వత్తురు, రావలదని నేననను. దారి ఇదివరకే తెరచుకొన్నది. రామచంద్రయ్యతో పాటు అదే యేట పద్మశ్రీ పొందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరను 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట కొరకు సంగీతదర్శకుడు తమన్ రికార్డు చేయించెను, దానితో ఊరూర కిన్నెర పేరు తెలిసినది. మొగులయ్య పాడు పండుగ సాయన్న కథ విన్నవారికి, ఆ సినిమాపాటలో దొరకినది గడప మాత్రమేయని తెలియును. గడపయైన దొరకెను గదా అని సంతోషించుటలో తప్పులేదు. గడపనే ఇల్లనుకొని తాళము వేయుటలో తప్పున్నది.

కావున క్రమము మార్చవలెనని నా మనవి. ముందుగా డోలీల గానమును వారి పల్లెలో, వారి పండుగలో, కూడిన జనము నడుమ, కోత లేకుండ, రాత్రి ఎంత నడచిన అంత రికార్డు చేయవలెను. ఈనాడు పలకకు రెండు ప్రక్కల బాధ లేదు, సూది ఎగురునను భయము లేదు. పెద్దడోలు ఎంత గట్టిగా మ్రోగినను యంత్రము ఓర్చుకొనును. ఒకే కథను ఇద్దరు ముగ్గురు డోలీల నోట వేరువేరుగా తీయవలెను. లేనిచో మొదట పలక ఎక్కినవాని బాణీ ప్రమాణమై, మిగిలినవాండ్ర పిల్లలు తమ తాతల పాటను తప్పనుకొందురు. కొత్తగూడెములో ఆకాశవాణి కేంద్రము కలదు, భద్రాచలమున గిరిజనాభివృద్ధి సంస్థ కలదు. ఈ పనికి పరదేశమునుండి ఎవరును రానక్కరలేదు.

అటుపై ఎవరైన రచయిత వాద్యబృందమునకు వ్రాయదలచినచో వ్రాయవచ్చును. డోలు భాగమును మాత్రము వ్రాయక, తెల్లకాగితముగా విడువవలెను. వయోలిన్లవారు, వేణువులవారు, ఇత్తడి వాద్యములవారు డోలీవాని మొగము చూచుచు ఆగవలెను. రచయితకు డోలీవానితో ఒప్పందము జరుగునపుడు ఆ పత్రమును కోయభాషలో చదివి వినిపించవలెను. మన కాపీరైటు చట్టములో కళాకారునికి తన ప్రదర్శనము మీద హక్కు 1994 సవరణతో వచ్చినది, ఆదాయములో వాటా 2012 సవరణతో వచ్చినది. సినిమా గాయకులకు చెల్లునది డోలీవానికి చెల్లకపోవుటకు కారణము లేదు. ఇక పలక మీద పేరుల విషయము: డోలీవాని పేరు, ఊరు, గోత్రము మొదటి వరుసలో వేయవలెను, వాద్యకల్పన చేసినవాని పేరు రెండవ వరుసలో పడిన చాలును.